పాదం నొప్పా? ముందు ఒక్క వేలితో చూపించండి

పాదం నొప్పి గురించి చెప్పమంటే మనలో చాలామంది అరచేతిని అరికాలి కింద గుండ్రంగా తిప్పి "ఇక్కడంతా" అంటాం. నేనూ ఐదు నెలలు అలాగే అన్నాను. చివరికి ఒక ఫిజియోథెరపిస్టు నా చెయ్యి ఆపి "ఒక్క వేలితో చూపించండి" అన్నారు. చూపుడు వేలితో నొక్కుకుంటూ వెతికితే మడమ అడుగున, లోపలి వైపుకు, బొటనవేలి గోరంత చోటు దొరికింది. అక్కడ నొక్కగానే ప్రాణం జివ్వుమంది. మిగతా పాదానికి అసలు నొప్పే లేదు. ఐదు నెలలపాటు పాదమంతా పులిమిన తైలాలు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు, వందకు మించిన కండరాలు, వాటిని ఎముకలకు కట్టే స్నాయువులు, ఎముకను ఎముకకు కట్టే బంధనాలు ఇరుకుగా సర్దుకుని ఉంటాయి. నొప్పి రెండు వేళ్ల వెడల్పు అటు జరిగితే జబ్బు పేరే మారిపోవచ్చు. అందుకే నొప్పి ఎంత ఉందనే దానికన్నా ఎక్కడ ఉంది, ఎప్పుడు వస్తోంది, ఏ తీరుగా ఉంది అన్నవే ఎక్కువ చెబుతాయి. ఈ మూడూ ఇంట్లో కూర్చుని గమనించుకోగలిగినవే. జబ్బును ఖాయంగా తేల్చేది వైద్యులే. కానీ దేన్ని రెండు వారాలు ఇంట్లో చూసుకోవచ్చో, దేనికి ఇవాళే బయలుదేరాలో మనకు తెలిసి ఉండాలి.

ఇవి ఉంటే చదవడం ఆపి బయలుదేరండి

దెబ్బ తగిలాక పాదం ఆకారం మారినా, గాయంలోంచి ఎముక కనిపిస్తున్నా, నాలుగు అడుగులు కూడా వేయలేకపోతున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ నాలుగు అడుగుల లెక్క నేను కల్పించింది కాదు. 1992లో కెనడాలోని ఒటావా నగర వైద్యులు చీలమండ, పాదం దెబ్బలకు ఎక్స్‌రే ఎప్పుడు అవసరమో చెప్పే నియమాలు ప్రచురించారు. అందులో ఇదొకటి. కుంటుతూనైనా నాలుగు అడుగులు పడుతున్నాయా అని చూస్తారు. దాంతోపాటు చీలమండకు రెండు వైపులా పొడుచుకొచ్చిన ఎముకల వెనక అంచును, చిటికెన వేలి నుంచి వెనక్కి వస్తే పాదం బయటి అంచు మధ్యలో తగిలే ఎముక బొడిపెను, లోపలి వైపు వంపు మీద ఉండే ఎముకను నొక్కి చూస్తారు. ఎముక మీదే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాల్సిందే.

కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, తీవ్రమైన నొప్పితో మొద్దుబారితే రక్తప్రసారం ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడు వ్యవధి గంటల్లోనే ఉంటుంది, తెల్లారేదాకా చూద్దామనుకోకండి. ఒక్క కాలే పిక్క దగ్గర వాచి, వేడెక్కి, నొక్కితే నొప్పి పెడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో అదే రోజు చూపించుకోవాలి. దానికి ఆయాసం, ఛాతీ నొప్పి తోడైతే అంబులెన్సును పిలవాలి. పాదం ఎర్రబడి, ఆ ఎరుపు గంటగంటకూ పైకి పాకుతూ, జ్వరమో చలో వస్తుంటే చర్మం కింద ఇన్ఫెక్షన్ వ్యాపిస్తోందని అనుమానించాలి. పరుగులోనో ఆటలోనో వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి, "టప్" మని వినిపించి, ఆ తర్వాత మునివేళ్ల మీద లేవలేకపోతే మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువు తెగి ఉండవచ్చు. తీరా చూస్తే వెనక ఎవరూ ఉండరు.

మధుమేహం ఉన్నవారికి మరో జాబితా ఉంది. దాన్ని కింద విడిగా చెబుతాను, ఎందుకంటే అక్కడ లెక్క తలకిందులవుతుంది.

మొదటి అడుగు: రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూడండి

వెలుతురున్న చోట కూర్చుని రెండు కాళ్లూ చాచండి. నొప్పి ఉన్న పాదాన్ని లేని పాదంతో పోల్చండి. వాపు ఉందా? రంగులో తేడా ఉందా? చేతి వెనక భాగం ఆనించి చూస్తే ఒకటి వెచ్చగా, ఒకటి చల్లగా ఉందా? బొటనవేలు పక్క వేలి మీదికి వాలిందా? అరికాలి చర్మం ఎక్కడ గట్టిపడింది? వేళ్ల మధ్య సందులు కూడా విప్పి చూడండి. తర్వాత నిలబడి ఎవరినైనా వెనక నుంచి చూడమనండి. ఒక కాలి మడమ లోపలికి కూలినట్టుండి, బయటి వైపు నుంచి ఎక్కువ వేళ్లు కనిపిస్తుంటే ఆ పాదపు వంపు పడిపోతోందని గుర్తు.

ఇప్పుడు చూపుడు వేలితో నెమ్మదిగా నొక్కుకుంటూ వెళ్లండి. ఎక్కువ నొప్పి ఉన్న చోట పెన్నుతో చుక్క పెట్టి ఫోనులో ఫోటో తీసుకోండి. ఈ ఒక్క ఫోటో వైద్యుడికి పది నిమిషాల వర్ణన కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

రెండో అడుగు: వేళ, మాట

మూడు రోజులు గమనించి రాసుకోండి. పొద్దున్న మంచం దిగగానే ఎక్కువా? నడిచేకొద్దీ తగ్గుతోందా, పెరుగుతోందా? రాత్రి నిద్ర లేపుతోందా? చెప్పులు విప్పగానే హాయిగా ఉందా?

నొప్పి తీరుకు సరైన మాట వెతకండి. ఈ విషయంలో మన భాష చాలా దయగలది. పోటు, సలుపు, తీపు, మంట, తిమ్మిరి, లాగడం, చురుక్కుమనడం, సూదులు గుచ్చినట్టుండటం, ఇవన్నీ ఒకటి కావు. మంట, తిమ్మిరి, సూదులు అన్నవి ఎక్కువగా నరాల మాటలు. అడుగు వేసినప్పుడే వచ్చే పోటు ఎముకదో, కీలుదో, స్నాయువుదో కావచ్చు. విశ్రాంతిలోనూ సలిపేది వాపుదో, చీముదో కావచ్చు. డాక్టరు దగ్గర అన్నిటికీ కలిపి "పెయిన్" అనేసి ఈ సంపదంతా పారేసుకోకండి.

చుక్క మడమ అడుగున ఉంటే

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. పెద్దవాళ్లలో పాదం నొప్పితో వచ్చేవారిలో చాలామందిది ఇదే, పైగా సొంత వైద్యంతో నెలలు వృథా చేసుకునేదీ ఇక్కడే.

మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ సాగి ఉంటుంది. పాదపు వంపును అది వింటినారిలా బిగించి పట్టుకుంటుంది. ఆ నారి మడమకు అతుక్కున్న చోట అరిగి నొప్పి పెట్టడాన్ని ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. పేరును బట్టి అది వాపు జబ్బు అనుకుంటాం కానీ, నెలల తరబడి ఉన్నవారిలో కనిపించేది వాపు కన్నా ఎక్కువగా కణజాలం అరుగుదల. గుర్తు తేలిక: పొద్దున్న మొదటి అడుగు మేకు మీద వేసినట్టుంటుంది, పది అడుగులు వేశాక సర్దుకుంటుంది. చాలాసేపు కూర్చుని లేచినప్పుడు మళ్లీ అదే. సాయంత్రానికి తీపు. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య వారిలో, గట్టి నేల మీద గంటలు గంటలు నిలబడేవారిలో, ఈ మధ్య బరువు పెరిగినవారిలో, ఉన్నట్టుండి నడకో పరుగో పెంచినవారిలో ఎక్కువ.

ఎక్స్‌రేలో మడమ కింద ముల్లులాంటి ఎముక కనిపిస్తే బెంబేలెత్తకండి. నొప్పి లేనివారిలోనూ అలాంటి ముల్లు ఎందరికో ఉంటుంది. నాకూ ఉంది. నొప్పి తగ్గి ఏళ్లయింది, ముల్లు ఎక్కడికీ పోలేదు.

చేయవలసింది ఇది. పొద్దున్న కాలు నేల మీద పెట్టకముందే మంచం మీద కూర్చుని, నొప్పి కాలిని రెండో మోకాలి మీద వేసుకోండి. ఆ కాలి వేళ్ల మొదళ్లను చేత్తో పట్టుకుని ముంగాలి వైపు వెనక్కి లాగండి. రెండో చేతి బొటనవేలితో అరికాలిని తడిమితే పట్టీ తీగలా బిగుసుకోవడం తెలుస్తుంది. అలా తెలిస్తేనే సరిగ్గా చేస్తున్నట్టు. పది లెక్కపెట్టి వదలండి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలా. పొద్దుటి పూట తప్పినా రేపు చేద్దామనుకుంటే లాభం లేదు, దాని విలువంతా ఆ మొదటి అడుగుకు ముందే ఉంది.

రెండోది పిక్క సాగదీయడం. గోడకు రెండు చేతులూ ఆనించి, నొప్పి కాలిని వెనక్కి పెట్టి, మడమ లేవకుండా, మోకాలు నిటారుగా ఉంచి ముందుకు వాలండి. ముప్ఫై సెకన్లు. తర్వాత అదే కాలి మోకాలు కొద్దిగా వంచి మరో ముప్ఫై సెకన్లు. మూడేసి సార్లు. పిక్క బిగుసుకుని ఉంటే అరికాలి పట్టీ మీద లాగుడు పెరుగుతుంది, నొప్పి కింద ఉన్నా మూలం పైన ఉండేది ఇందుకే. సాయంత్రం గడ్డకట్టించిన నీళ్ల సీసాను పల్చటి గుడ్డలో చుట్టి అరికాలి కింద దొర్లిస్తే ఉపశమనం ఉంటుంది. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారు, కాళ్లలో రక్తప్రసారం సరిగా లేనివారు ఐసు జోలికి వెళ్లకండి.

ఇంట్లో కూడా మెత్తటి అడుగున్న చెప్పులు వేసుకోండి. చలవరాతి నేల మీద వట్టి కాళ్లతో తిరుగుతూ వ్యాయామం చేస్తే ఒక చేత్తో నింపి మరో చేత్తో తోడేసినట్టే. ఇక ఓపిక. ఇది వారంలో పోయే నొప్పి కాదు. ఎక్కువమందికి శస్త్రచికిత్స లేకుండానే తగ్గుతుంది, కానీ కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా పట్టవచ్చు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వెంటనే హాయినిస్తుంది. పదేపదే వేయించుకుంటే మాత్రం మడమ కింది కొవ్వు దిండు పల్చబడటం, పట్టీ తెగడం లాంటి ప్రమాదాలున్నాయి. కాబట్టి దాన్ని మొదటి అడుగుగా కోరుకోకండి.

మడమ అడుగున నొప్పి అంతా ఇదే కాదు. సరిగ్గా నడిమధ్యలో, వట్టి కాళ్లతో గట్టి నేల తొక్కినప్పుడు మాత్రమే నొప్పి ఉంటే కొవ్వు దిండు అరిగి ఉండవచ్చు. దానికి సాగదీయడం కన్నా మెత్తటి చెప్పులే మందు. మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో అదిమితే నొప్పి పెడితే ఎముకలో సన్నని బీట ఉందేమో చూడాలి. ముప్ఫై ఏళ్లలోపు వారికి రెండు మడమలూ నొప్పి పెడుతూ, పొద్దున్నే నడుము అరగంటకు పైగా బిగుసుకుని ఉంటే అది వెన్నుకు సంబంధించిన కీళ్లవాతం కావచ్చు, చెప్పులు మార్చినంత మాత్రాన పోదు. ఆటలాడే ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు మడమ వెనక నొప్పి వస్తే చాలాసార్లు అది ఎదుగుతున్న ఎముక మీద పడే లాగుడు. ఆట తగ్గించి, పిక్కలు సాగదీయిస్తే సర్దుకుంటుంది. పిల్లలు కుంటుతూ జ్వరం కూడా ఉంటే మాత్రం ఆ రోజే చూపించండి.

మడమ వెనక, చీలమండ లోపల

మడమ పైన రెండు మూడు వేళ్ల ఎత్తులో తాడులాంటి స్నాయువు పట్టుకుంటే నొప్పి, పొద్దున్నే బిగుతు ఉంటే అకిలిస్ స్నాయువు అలిసిపోయింది. దీనికి పూర్తి విశ్రాంతి కన్నా నెమ్మదిగా బరువు అలవాటు చేయడమే మేలు: రెండు కాళ్ల మునివేళ్ల మీద లేచి, నొప్పి కాలి మీద మెల్లగా దిగడం. కనీసం పన్నెండు వారాల పని. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు వాడుతుండగా ఈ నొప్పి మొదలైతే వ్యాయామం మాటెత్తకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి. ఆ మందులకు ఈ స్నాయువును బలహీనపరిచే గుణముంది.

చీలమండ లోపలి వైపు నొప్పి, వాపు ఉండి, పాదపు వంపు చదునవుతూ, ఒంటి కాలి మునివేళ్ల మీద లేవలేకపోతే ఆలస్యం చేయకండి. వంపును నిలిపే స్నాయువు సాగిపోతోందన్నమాట. తొలిదశలో బూటులో ఆధారంతో ఆగేది, వదిలేస్తే శస్త్రచికిత్స దాకా వెళ్తుంది. పుట్టుకతో పాదాలు చదునుగా ఉండి నొప్పి లేనివారికి ఈ భయం అక్కర్లేదు.

పాదం ముందు భాగం

మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య మంట, వేళ్లలోకి తిమ్మిరి, చెప్పులో గులకరాయి చిక్కుకున్నట్టు అనిపించడం, విప్పి చూస్తే ఏమీ లేకపోవడం: ఇది వేళ్ల మధ్య నరం చుట్టూ కణజాలం మందమయ్యే మోర్టన్ న్యూరోమా. 1876లో దీన్ని వర్ణించిన అమెరికా వైద్యుడి పేరు దానికి ఉండిపోయింది. పేరు వింటే గడ్డేమో అనిపిస్తుంది, కానీ క్యాన్సరు లాంటిదేమీ కాదు. వెడల్పాటి ముందు భాగమున్న బూట్లకు మారి, ఎత్తు మడమలు మానితే చాలామందికి తగ్గుతుంది.

పాదం పైభాగంలో, రెండో మూడో వేళ్ల వెనక, ఒక్క చోట వేలు పెడితే చురుక్కుమనే నొప్పి; నడిస్తే పెరిగి ఆగితే తగ్గేది; ఈ మధ్యే నడక దూరమో పరుగో పెంచి ఉండటం. ఈ మూడూ కలిస్తే ఎముకలో సన్నని బీటను అనుమానించండి. 1855లో ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ కవాతు చేసే సైనికుల పాదాలు ఇలా వాచిపోవడం గురించి రాశాడు. ఎక్స్‌రే వచ్చాక గానీ అవి ఎముక బీటలని తేలలేదు. ఆ ఎక్స్‌రే కూడా మొదటి రెండు మూడు వారాల్లో ఏమీ చూపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగానే ఉంది కదా" అని మళ్లీ పరుగు మొదలుపెట్టి బీటను పూర్తి విరుపుగా మార్చుకున్నవారున్నారు. నొప్పి మాటే వినండి, మళ్లీ చూపించుకోండి.

బొటనవేలి మొదట్లో అర్ధరాత్రి ఉన్నట్టుండి నొప్పి మొదలై, తెల్లారేసరికి ఎర్రగా, నిగనిగలాడుతూ వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే అది గౌట్ అయ్యే అవకాశం ఎక్కువ. రక్తంలో పెరిగిన యూరిక్ ఆమ్లం కీలులో సూదుల్లాంటి స్ఫటికాలుగా చేరడమే దీనికి మూలం. నొప్పి ఉధృతంగా ఉన్న రోజున రక్తపరీక్షలో యూరిక్ ఆమ్లం మామూలుగా కనిపించవచ్చు, అంతమాత్రాన గౌట్ లేదని కాదు. మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. జ్వరం కూడా ఉంటే కీలులో చీము చేరిందేమో అదే రోజు చూడాలి, పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. బొటనవేలు పక్కకు వాలి మొదట్లో బొడిపె వచ్చినవారికి ఇరుకు బూట్లు శత్రువులు. ఆకారం శస్త్రచికిత్సతోనే మారుతుంది గానీ నొప్పి లేకపోతే ఆకారం కోసం కోయించుకోవాల్సిన పని లేదు.

రెండు పాదాల వేళ్ల మొదళ్లూ కలిసి వాచి, పొద్దున్నే అరగంటకు పైగా బిగుసుకుని ఉంటే కీళ్లవాతం పరీక్షలు చేయించుకోండి. చేతివేళ్లు కూడా అలాగే ఉంటే మరీ.

చర్మం, గోరు

చిన్నవే, కానీ నడకను ఇవి చెడగొట్టినంతగా మరేవీ చెడగొట్టవు. ఆనెకాయా, పులిపిరా అన్న అనుమానం వస్తే ఇలా చూడండి: నేరుగా నొక్కితే ఎక్కువ నొప్పి ఉంటే ఆనె, పక్కల నుంచి గిల్లితే ఎక్కువ నొప్పి ఉండి లోపల నల్లటి చుక్కలు కనిపిస్తే పులిపిరి. ఆనెకాయకు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెల్లగా రుద్దడం, ఒరిపిడి పెట్టే చెప్పు మార్చడం చాలు. బ్లేడు వద్దు. గోళ్లు నేరుగా కత్తిరించండి, మూలలు లోతుగా చెక్కితే గోరు కండలోకి దిగబడుతుంది. దిగబడిన చోట చీము పట్టి, ఎర్రబడి ఉంటే ఇంట్లో గుచ్చుకోకుండా చూపించండి.

నొప్పి అరికాళ్లంతా మంటగా ఉంటే

చుక్క పెట్టడానికి చోటే దొరకదు. రెండు అరికాళ్లూ మంట, తిమ్మిరి, రాత్రి పక్కలో ఎక్కువ, మేజోళ్లు తొడిగినంత మేర మొద్దు. ఇది నరాల బలహీనత తీరు. మధుమేహం, విటమిన్ బి12 లోపం, మద్యం, థైరాయిడ్ లోపం, కొన్ని మందులు దీనికి సాధారణ కారణాలు. మధుమేహానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గవచ్చు కాబట్టి ఆ పరీక్ష అడిగి చేయించుకోండి. ఒక్క కాలికే, నడుము నుంచి పిరుదు మీదుగా పాదం దాకా జారే నొప్పి అయితే మూలం వెన్నులో వెతకాలి. దాంతోపాటు మూత్రం, మలం మీద అదుపు తప్పినా, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోయినా అది అత్యవసరం.

కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే రెండు మూడు నిమిషాల్లో తగ్గి, మళ్లీ అంతే దూరంలో పట్టేస్తుంటే కాళ్ల ధమనులు ఇరుకైనట్టు. పొగతాగేవారిలో, మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువ. రాత్రి పాదం సలిపి, మంచం మీంచి కాలు కిందికి వేలాడేస్తే హాయిగా ఉండే దశకు వచ్చిందంటే ఇక ఆగకూడదు. ఆ ధమనుల జబ్బు గుండెకు కూడా చెప్పే కబురు.

మధుమేహం ఉంటే నొప్పిని నమ్మకండి

ఇప్పటిదాకా నొప్పి ఏం చెబుతుందో వినమన్నాను. మధుమేహం ముదిరిన పాదం ఏమీ చెప్పదు. చెప్పులో రాయి ఉన్నా తెలియదు, పుండు పడ్డా తెలియదు. కాబట్టి వీరికి నొప్పి లేని పుండు, నొప్పి ఉన్న పుండు కన్నా ప్రమాదకరం. గీరుకుపోయిన చిన్న గాయమైనా, బొబ్బైనా, నల్లబడిన వేలైనా, చెడు వాసనైనా ఒక్క రోజు కూడా ఆగకుండా చూపించాలి. పాదం ఎర్రగా, వేడిగా వాచి, పెద్దగా నొప్పి లేకపోతే దాన్ని బెణుకు అనుకుని నడవకండి. ఎముకలు లోలోపల కూలే షార్కో పాదం అలాగే మొదలవుతుంది. ఆ కాలి మీద బరువు వేయడం వెంటనే ఆపి వైద్యుణ్ని చేరాలి.

రోజూ రాత్రి అరికాళ్లను అద్దంలో చూసుకోండి, చూపు ఆనకపోతే ఇంట్లోవారిని చూడమనండి. చెప్పులు తొడుక్కునేముందు బోర్లించి దులపండి. వేడినీళ్ల సీసాతో కాపడం పెట్టుకోకండి, నీళ్ల వేడిని మోచేతితో చూడండి. ఆనెకాయలకు అమ్మే మందు పట్టీలు అంటించకండి, వాటిలోని ఆమ్లం చర్మాన్ని కాల్చి పుండు చేస్తుంది. ఏడాదికి ఒక్కసారైనా పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. సన్నని నైలాన్ పోగును ఆనించి చేసే ఆ పరీక్షకు రెండు నిమిషాలు చాలు.

ప్రమాద గుర్తులేవీ లేకపోతే: రెండు వారాలు

నొప్పి తెప్పిస్తున్న పనిని తగ్గించండి, పూర్తిగా మంచం పట్టకండి. పరుగు మాని ఈతో సైకిలో చేయవచ్చు. కొత్తగా బెణికినదైతే మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను ఇరవై నిమిషాల చొప్పున, కాలు ఎత్తులో, వాపు కాస్త అదిమేలా కట్టు. వేళ్లు నీలంగా మారేంత బిగువు వద్దు. నొప్పి మాత్రలు కొద్ది రోజులకే పరిమితం చేయండి. ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు ఉన్నవారు, రక్తం పల్చబడే మందులు వాడేవారు, గర్భిణులు అడగకుండా వేసుకోకూడదు.

ఈ రెండు వారాల్లో చెప్పుల లెక్క కూడా తేల్చండి. తెల్లకాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీత గీయించుకోండి. మీరు రోజూ వేసుకునే జోడును దాని మీద పెట్టండి. గీత చెప్పు బయటికి వస్తుంటే దోషి దొరికినట్టే. కొత్తవి సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. నిలబడి చూస్తే అన్నిటికన్నా పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. రెండు పాదాల్లో పెద్దదానికి సరిపోయేవి తీసుకోవాలి. బూటును చేతుల్లోకి తీసుకుని వంచితే వేళ్లు వంగే చోట వంగాలి, నడిమధ్యలో మడత పడేది వద్దు. "రెండు రోజుల్లో సాగుతాయి" అనే మాట నమ్మి కొన్నవి నా దగ్గర మూడు జతలున్నాయి. ఒక్కటీ సాగలేదు.

రెండు వారాలకు ఏ మార్పూ లేకపోయినా, వాపు నాలుగైదు రోజులకు దిగకపోయినా, కుంటడం వల్ల మోకాలో నడుమో నొప్పి మొదలైనా, రాత్రి నిద్ర పట్టకపోయినా వైద్యుడి దగ్గరికి వెళ్లండి. దెబ్బ, బీట, స్నాయువు అనుకుంటే ఎముకల వైద్యుడు. మంట, తిమ్మిరి, ఎన్నో కీళ్ల వాపు అయితే ముందు ఫిజీషియన్. ఎవరో తెలియకపోతే మీ మామూలు డాక్టరే దారి చూపిస్తారు.

వెళ్లేటప్పుడు చుక్క పెట్టిన ఫోటో, మూడు రోజుల రాతలు, వాడుతున్న మందులన్నీ తీసుకెళ్లండి. "ఇది ఏమనుకుంటున్నారు, ఎన్ని వారాల్లో తగ్గకపోతే మళ్లీ రావాలి?" అని అడగండి. రోజూ ఎక్కువగా వేసుకునే చెప్పులతోనే వెళ్లండి, పండగ జోడుతో కాదు. వాటి అడుగు ఏ వైపు అరిగిందో వైద్యుడు చూడాలి. గది గుమ్మం బయట విడిచిపెట్టి లోపలికి వెళ్లకుండా, చేత్తో పట్టుకెళ్లండి.